షీట్‌లో ఉన్నది ఉన్నట్టు

కొత్తగూడ, హైదరాబాద్
10 జూన్ 2025

జయంతక్కకు,

మీరు ఉద్యోగం వదిలి కాకినాడ వెళ్ళి రెండేళ్ళయింది. ఇప్పటికీ పని సంగతులు ఫోన్లో వద్దంటారు. కమాండ్లు వాట్సాప్‌లో పంపితే కోట్ గుర్తులు వంకర తిరిగిపోతాయని, చేత్తో రాస్తేనే కన్ను ప్రతి గుర్తునూ చూస్తుందని మీరు పెట్టిన నియమం. నేను నవ్వుకుంటూనే పాటించాను. ఈ రోజు నవ్వు రావడం లేదు. కోపం వస్తోంది. ఎవరి మీదో ఇంకా తేల్చుకోలేదు కాబట్టి జరిగింది మొదటినుంచీ రాస్తాను.

ఆదివారం సాయంత్రం డ్యూటీ నాది. గడువు తీరిన గేటు పాసుల్ని నెలకోసారి తీసేస్తాం కదా. ఏ బిల్డింగుకి ఏ కమాండో షీట్‌లో ఉంటుంది. దాన్ని కాపీ చేసి నల్ల తెరలో అతికించి ఎంటర్ కొట్టడం వరకే మా కాంట్రాక్టు వాళ్ళ పని. అందులో ఒక్క గుర్తు మార్చినా అదే రోజు ఇంటికి పంపిస్తారు. షీట్‌లో ఉన్నది ఉన్నట్టు చెయ్యాలని గోడకి కూడా అంటించారు, మీకు గుర్తుండే ఉంటుంది.

కొండాపూర్ టవర్ల లైను ఈసారి మారి ఉంది. ఇలా ఉంది:

curl https://gate.internal/remove?site=kondapur&only=expired

చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. అడ్రసు చుట్టూ కోట్స్ లేవు. మీరు నేర్పిన మొదటి పాఠమే అది. మనం కొట్టిన మాటను అందుకునే షెల్‌కి ఆ & గుర్తు కనపడిందంటే 'ఇక్కడితో ఒక పని అయిపోయింది' అనుకుంటుంది. ముందున్న ముక్కను పంపించేస్తుంది. వెనకున్న ముక్కను తన దగ్గరే అట్టే పెట్టుకుంటుంది, తప్పు జరిగిందని ఒక్క మాట కూడా అనదు. అంటే 'గడువు తీరినవి మాత్రమే' అన్న షరతు అవతలికి చేరదు. కొండాపూర్ పాసులు తీసెయ్ అన్నది ఒక్కటే చేరుతుంది.

మేనేజర్ రవికిరణ్ గారికి చాట్‌లో రాశాను. ఆయన అద్దాల గదిలో క్లయింట్‌తో మాట్లాడుతున్నారు. నా వైపు చూడకుండానే జవాబు కొట్టారు: "షీట్ ఆడిట్ అయిపోయింది. షీట్ ప్రకారం కానివ్వు." నాకు మనసొప్పక లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. ఫోన్ చేత్తో మూసి, "ఇప్పుడు నువ్వు నాకు కోట్స్ నేర్పుతావా అనూషా? కానివ్వమ్మా" అన్నారు.

కానిచ్చాను అక్కా.

సోమవారం పొద్దున ఆరింటికి మూడు వందల ఎనభై ఆరు మంది గేటు బయట నిలబడ్డారు. హౌస్‌కీపింగ్ వాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు, చెట్లకి నీళ్ళు పోసేవాళ్ళు. వేలు పెడితే ఎర్ర లైటు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ పాసులు వేరే జాబితాలో ఉంటాయి, వాళ్ళు ఈ గుంపు పక్కనుంచే కార్డు చూపించుకుంటూ లోపలికి వెళ్ళారు. మా అమ్మ అదే టవర్లో పన్నెండో అంతస్తు తుడుస్తుందని మీకు తెలుసు. ఆరింటినుంచి ఒంటిగంట దాకా ఆమె రోడ్డు మీదే ఉంది. గేటు దగ్గరుండే ఓదెలు నాలుగేళ్ళుగా ఆమె టిఫిన్ బాక్సులోంచి పచ్చడి తినే మనిషి. అతను కూడా, "నువ్వెవరో నాకెరుకే కనకక్కా. మిషిన్‌కు ఎరుక లేదు, నేనేం జేయాలె" అన్నాడట.

సాయంత్రానికి పాత జాబితా వెనక్కి తెచ్చారు. కానీ వీళ్ళని పనికి పెట్టిన ఏజెన్సీ ఆ రోజు అందరికీ గైరుహాజరు వేసింది. నెలలో మూడు గైరుహాజరులైతే పేరు కొట్టేస్తారు. అమ్మకి జ్వరంతో అప్పటికే రెండు పడ్డాయి. అలా మొత్తం నలభై ఒక్క మంది పేర్లు పోయాయి. అందులో మా అమ్మ పేరూ ఉంది.

ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, "ఎవడో కంప్యూటర్ల తప్పు కొట్టిండంట బిడ్డా, ఆని చేతులిరగ" అంది. ఆ చేతులతోనే ఆమెకి అన్నం వడ్డించాను. నిజం ఇంకా చెప్పలేదు. విచారణ పెడతారట. నేనేం చెయ్యాలో చెప్పండి.

మీ
అనూష


కాకినాడ
14 జూన్

అమ్మాయ్ అనూషా,

నీ ఉత్తరం నిన్న అందింది. నేను పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబులో పిల్లలు కొడుతున్న కీబోర్డుల చప్పుడు మధ్యనే రెండుసార్లు చదివాను. మీ అమ్మ కనకమ్మ గారే కళ్ళ ముందు మెదులుతున్నారు. నేను అక్కడ పనిచేసిన రోజుల్లో ఆవిడ పంపిన మక్క గారెలు ఎన్నిసార్లు తిన్నానో.

షెల్ గురించి నువ్వు రాసింది అక్షరం తప్పు లేదు. వినయం ఎక్కువై బుర్ర తక్కువైన గుమాస్తా అది. పొట్లం కట్టి ఇస్తే విప్పకుండా అవతలి వాడి చేతికిస్తుంది. కట్టకుండా ఇస్తే దారిలోనే తెరిచి, & దగ్గర విరిచి, డాలరు గుర్తు ఉంటే దానికి సొంత అర్థం చెప్పి, మిగిలింది పంపిస్తుంది. అందుకే ఒంటి కోట్స్‌లో కట్టమని నీ ప్రాణం తీశాను. నువ్వు నేర్చుకున్నావు. నాకు గర్వంగానే ఉంది.

కానీ తల్లీ, నీకు తెలిసినదంతా విచారణలో చెప్పాలని లేదు. ఇలాంటివి నేను చాలా చూశాను. ఎవరో ఒకరు 'పొరపాటయింది' అని కాగితం మీద రాస్తారు, ఆ కాగితం ఫైల్లోకి పోతుంది, ఆరు నెలలకి దాన్ని తెరిచే దిక్కుండదు. నీకు ఇరవై ఆరేళ్ళు. ఎదురు తిరిగిన పిల్ల అన్న పేరు మాత్రం మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా నీకంటే ముందు వెళుతుంది. ఏదైనా కాగితం ఇస్తే సంతకం పెట్టి, తల వంచుకుని పని చేసుకో. షీట్ ఎవరు రాశారు, ఎవరు చూశారు అని తవ్వడం వల్ల ఎవరికీ మేలు లేదు.

అమ్మకి మాత్రం నిజం చెప్పు. వేరేవాళ్ళు చెప్పేలోపు నువ్వే చెప్పు.

ప్రేమతో
జయంతి


కొత్తగూడ
18 జూన్

జయంతక్కకు,

అమ్మకి చెప్పాను. మీరు చెప్పినందుకు కాదు, ఆ చేతులతో ఇంకో పూట అన్నం పెట్టలేక.

కూర తరుగుతున్న కత్తిపీట పక్కకి జరిపి నా మొహంలోకి చూసింది. "తప్పని నీకు ఎరుకేనా?" అంది. ఎరుకే అన్నాను. "మరెందుకు కొట్టినవ్?" సార్ కొట్టమన్నాడన్నాను. "సార్ కొట్టుమంటే కొడ్తవా?" అంది. అంతే, ఆ పూట తనే వడ్డించుకుని తింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు రవికిరణ్ గారు పిలిచారు. కాఫీ తెప్పించారు. మూడేళ్ళలో ఆ గదిలో నాకు కాఫీ రావడం ఇదే మొదటిసారి. బల్ల మీద ఒక కాగితం పెట్టారు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. కాంట్రాక్టు ఉద్యోగిని అయిన నేను అజాగ్రత్తగా కమాండును సగమే కాపీ చేశానట, అందువల్ల పాసులు పోయాయట, అది పూర్తిగా నా వ్యక్తిగత పొరపాటట.

"నేను మొత్తం కాపీ చేశాను సార్" అన్నాను.

"చూడమ్మా, అవతలికి సగమే వెళ్ళింది కదా. సర్వరు రాసుకునే లాగ్‌లో సగమే ఉంది. నువ్వు సగం కాపీ చేశావా, షెల్ సగం చేసిందా అన్నది క్లయింట్‌కి అనవసరం. ఇది జస్ట్ ఫార్మాలిటీ అండి బాబూ. నువ్వు సంతకం పెట్టు, నీ కాంట్రాక్టు ఇంకో ఏడాది నేను చూసుకుంటా" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మీ మదర్ కూడా ఆ లిస్టులో ఉన్నారంట కదా? ఏజెన్సీ వాళ్ళు మనవాళ్ళే. సోమవారం నుంచి వచ్చెయ్యమని చెప్పు" అన్నారు.

నేను అడిగాను, మిగతా నలభై మంది సంగతేమిటని. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. వాళ్ళ గురించి ఎవరూ అడగలేదట. నా వ్యక్తిగత పొరపాటైతే కంపెనీకి సంబంధం ఉండదు, కంపెనీకి సంబంధం లేకపోతే గైరుహాజరు కొట్టెయ్యమని ఏజెన్సీకి చెప్పే అవసరమూ ఉండదు. అదండీ ఆ కాగితంలో ఉన్న కిటుకు. నేను సంతకం పెడితే నాకు ఉద్యోగం, అమ్మకి ఉద్యోగం, నలభై మందికి ఏమీ లేదు.

అక్కా, అబద్ధం ఎందుకు, రెండు రోజులు ఆలోచించాను. కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం, ఇద్దరి పనీ ఒకేసారి పోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. చివరికి అమ్మకి చెప్పాను, ఆమె పేరు వెనక్కి వస్తుందని. ఆమె మొహం వెలుగుతుందనుకున్నాను. ఆమె అన్నది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"నా ఒక్కదాన్నే లోపల్కి రానిస్తరా? రేపు ఆ నలభై మంది గేటు కాడ నిలబడి సూస్తుంటే నేను చీపురు పట్టుకొని పోవాలెనా? మొకం ఎట్ల జూపియ్యాలె బిడ్డా? నేను పోను. ఇంక నాలుగిండ్లు తోముకుంట. నువ్వు గా కాయిదం మీద ఏలు పెట్టకు."

నేను పెట్టను. ఇప్పుడు కోపం ఎవరి మీదో తెలిసింది. సగమే కాపీ చేశానన్న మాట ఆ కాగితం మీద ఉన్నంతవరకు దాని కింద నా పేరు ఉండదు. మీరైనా నా పక్కన నిలబడండి. ఆ షీట్‌కి మొదట కోట్స్ ఉండేవా, ఎవరు రాశారు, మీకేమైనా గుర్తుందా?

మీ
అనూష


కాకినాడ
21 జూన్

అనూషా,

నువ్వు తొందరపడుతున్నావు. అమ్మ మాటలు వినడానికి బాగున్నాయి, కానీ ఆవిడ ఆవేశంలో ఉన్నారు. నలభై మందికి వేరే ఏజెన్సీలు దొరుకుతాయి, ఐటీ కారిడార్‌లో చీపురు పట్టేవాళ్ళకి పని కరువా? నువ్వు మాత్రం ఒకసారి జారితే మళ్ళీ నిలబడడానికి ఏళ్ళు పడుతుంది.

షీట్ గురించి నాకు గుర్తులేదు. ఎన్నో రాశారు, ఎందరో రాశారు.

నా మాట విని సంతకం పెట్టు. ఇది చివరిసారి చెప్పడం.

జయంతి


కొత్తగూడ
25 జూన్

జయంతి గారికి,

అక్కా అని రాయబోయి కలం ఆగింది.

నిన్న రవికిరణ్ గారు మళ్ళీ పిలిచారు. ఈసారి కాఫీ లేదు. షీట్ మొత్తం ప్రింటు తీసి, ఆఖరి పేజీ నా ముందుకి తోశారు. తయారుచేసినది అన్న చోట మీ పేరు ఉంది. తారీఖు మీరు మానేసిన రోజుది. దాని పైన ఎర్ర అక్షరాల్లో నియమం, ఒక్క గుర్తు కూడా మార్చరాదని. అది రాసింది కూడా మీరే. "నువ్వు సంతకం పెట్టకపోతే షీట్‌లో తప్పుందని రాయాలి. షీట్‌లో తప్పంటే మీ మేడం పేరే బయటికొస్తుంది. ఆవిడకి అక్కడ పర్మినెంట్ అయ్యే టైమ్‌లో ఇదంతా అవసరమా? ఆవిడే చెప్పారు, నీకు నచ్చజెప్తానని" అన్నారు.

ఆ ప్రింటు అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను.

మీతో ఎప్పుడు మాట్లాడారు ఆయన? నా మొదటి ఉత్తరం అందకముందా, అందిన తర్వాతా? నేను ఇక్కడ అమ్మ మొహం చూడలేక గోడవైపు తిరిగి పడుకుంటుంటే, మీరక్కడ నా గురించి ఆయనకి మాట ఇస్తున్నారా? 'షీట్ గురించి నాకు గుర్తులేదు' అని చేత్తో ఎలా రాశారండీ? చేత్తో రాస్తే కన్ను చూస్తుందని నాకు చెప్పింది మీరే కదా?

మూడేళ్ళ కింద జనగామ నుంచి వచ్చి, షెల్ అంటే ఏమిటో తెలియక బాత్రూంలో ఏడుస్తున్నదాన్ని బయటికి లాక్కొచ్చి నేర్పారు. కోట్స్ లేకుండా అడ్రసు రాసినందుకు ఒక సాయంత్రం నాతో నూరుసార్లు రాయించారు. మీరు రాసిన షీట్‌లో అవే లేవు. లేవని తెలిసి కూడా మార్చకూడదన్న నియమం మీదే. ఆ రెండింటి మధ్యా నలిగింది నేను, మా అమ్మ, నలభై మంది.

మీ పేరు కాపాడటానికి నేను సంతకం పెడతానని ఆయన అనుకుంటున్నారు. మీరూ అనుకుంటున్నారేమో. పెట్టను. విచారణ జూలై మూడున. మీరు రాసినా రాయకపోయినా నేను మాట్లాడతాను.

అనూష


కాకినాడ
28 జూన్

అనూషకి,

నన్ను అక్కా అని పిలవక్కర్లేదు. ఈ ఉత్తరం చదివితే చాలు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. రవికిరణ్ ఫోన్ చేసింది జూన్ తొమ్మిది మధ్యాహ్నం. నీ మొదటి ఉత్తరం నా చేతికి వచ్చేసరికే నాకు అంతా తెలుసు. ఇక్కడ నన్ను పర్మినెంట్ చెయ్యడానికి పాత కంపెనీ నుంచి ఒక మాట అడిగారు. ఆ మాట చెప్పాల్సింది అతనే. 'అమ్మాయికి నచ్చజెప్పండి మేడం, మీ ఫైలు నేను చూసుకుంటా' అన్నాడు. సరేనన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

ఆ షీట్ నాదే. ఆఖరి రోజు సాయంత్రం నాలుగింటికి కూర్చుని రాశాను. బస్సు ఆరింటికి. అప్పట్లో గడువు తీరినవాటినే తీసే అడ్రసు వేరుగా ఉండేది, అందులో సైటు పేరు ఒక్కటే ఉండేది, & లేదు. కోట్స్ లేకపోయినా పని జరిగిపోయేది. ఎప్పుడో ఎవరో & తగిలిస్తారని, తగిలించిన రోజు విరుగుతుందని నాకు ఆ క్షణమే తెలుసు. ముప్పై లైన్లున్నాయి. ముప్పై లైన్లకీ అటొకటి ఇటొకటి పెట్టడానికి బద్ధకించాను. నీతో నూరుసార్లు రాయించినదాన్ని.

నియమం కూడా నాదే. అంతకుముందు ఏడాది ఒక కాంట్రాక్టు కుర్రాడు సొంత తెలివితో ఒక లైను మార్చి సర్వరు పడేశాడు. ఆ కోపంలో రాశాను, ఒక్క గుర్తు ముట్టుకోవద్దని. తప్పు కనపడితే ఎవరికి చెప్పాలో, వాళ్ళు వినకపోతే ఆపే హక్కు ఎవరికుందో రాయలేదు. కింద పనిచేసేవాళ్ళకి కళ్ళున్నాయని అప్పుడు అనుకోలేదు. వాళ్ళని కూడా షెల్‌లాగే చూశాను.

మే నెలలో ఆ అడ్రసు మార్చి, లైనుకి &only=expired తగిలించినవాడు రవికిరణ్. మార్పుల చరిత్ర తెరిస్తే అతని పేరు, తారీఖు ఉంటాయి. పరీక్షించాను అని అతనే టిక్ పెట్టుకున్నాడు, ఆ సంగతి ఫోన్లో నాతో ఒప్పుకున్నాడు కూడా. నీకు చూపించింది నా పేజీ ఒక్కటే. చరిత్ర తెరవమని విచారణలో అడుగు.

చీపురు పట్టేవాళ్ళకి పని కరువా అని రాశాను చూడు, ఆ వాక్యం రాసిన తర్వాత రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. కనకమ్మ గారికి అది చదివి వినిపించి ఉంటే, ఆవిడ కాళ్ళు పట్టుకుంటానని చెప్పు. వినిపించకపోతే దయచేసి వినిపించకు.

ఈ ఉత్తరంలో రాసినదంతా ఇంగ్లీషులో రాసి, సంతకం పెట్టి, నిన్న కంపెనీ హెచ్ఆర్‌కి ఒకటి, క్లయింట్ ఆడిట్ వాళ్ళకి ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఇక్కడి ప్రిన్సిపాల్‌కి కూడా ఒక కాపీ ఇచ్చాను. ఆయన చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. పర్మినెంట్ సంగతి ఇక దేవుడెరుగు. నా పేరు కోసం నువ్వు ఒక్క అడుగు వెనక్కి వేశావంటే మాత్రం నేను క్షమించను.

జయంతి


కొత్తగూడ
14 జూలై

అక్కా,

పదిహేను రోజులు కావాలనే రాయలేదు. మీ మీద కోపం పూర్తిగా పోయిందని చెప్పను. కానీ అక్కా అని పిలవకుండా ఉండటం నాకే కష్టంగా ఉంది, అందుకని పిలుస్తున్నాను.

విచారణ గదిలో ముగ్గురున్నారు. హెచ్ఆర్ నుంచి రసజ్ఞ గారు, క్లయింట్ తరఫున సుబ్రహ్మణ్యం అనే పెద్దాయన, రవికిరణ్ గారు. అదే కాగితం మళ్ళీ నా ముందు పెట్టారు. నేను దాన్ని తిరగేసి, వెనకవైపు రాయడం మొదలుపెట్టాను. "తెలుగులో రాస్తున్నావేంటి, ఇంగ్లీషులో రాయి" అన్నారు రవికిరణ్ గారు. "ముందువైపు ఇంగ్లీషులో మీరు రాసుకున్నారు కదా సార్, వెనకవైపు నాది" అన్నాను. పెద్దాయన దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

నేను రాసింది ఇది: "జూన్ ఎనిమిదిన ఆ కమాండు కొట్టింది నేనే. అది తప్పని నాకు తెలుసు. రెండుసార్లు చెప్పాను, అయినా కొట్టమంటే కొట్టాను. అంతవరకు తప్పు నాది. ఆ లైను నేను రాయలేదు, మార్చలేదు, సగం కాపీ చెయ్యలేదు. నలభై ఒక్క మంది ఏ తప్పూ చెయ్యలేదు. ఆ రోజు వాళ్ళు పనికి వచ్చారు, మనమే రానివ్వలేదు." దాని కింద సంతకం పెట్టాను. ఎంత గట్టిగా పెట్టానంటే పెన్ను ముందువైపు దాకా దిగింది.

తర్వాత మార్పుల చరిత్ర తెరవమన్నాను. రవికిరణ్ గారు ఇప్పుడెందుకన్నారు. సుబ్రహ్మణ్యం గారు జేబులోంచి మీ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టి, "తెరవండి, నేనూ చూడాలి" అన్నారు. తెరిచారు. నా చాట్, ఆయన జవాబు కూడా చూశారు. పెద్దాయన ఒక్కటే అడిగారు, "ఈ అమ్మాయి ఆదివారమే చెబితే, సోమవారం ఆ జనం రోడ్డు మీద ఎందుకున్నారండీ?" రసజ్ఞ గారు నా కాగితాన్ని తీసి ఫైల్లో పెట్టుకున్నారు.

జూలై ఏడు, సోమవారం, నలభై ఒక్క మంది లోపలికి వెళ్ళారు. జూన్ తొమ్మిది వాళ్ళకి హాజరు వేశారు. అమ్మ ఇంటికి వచ్చి, "అందరం ఒక్కతాన్నే పోయినం" అంది. నెల రోజుల తర్వాత ఆమె నవ్వడం అప్పుడే చూశాను. మీ ఉత్తరంలోని ఆ వాక్యం ఆమెకి వినిపించలేదు. మీరు గారెలకి ఎప్పుడొస్తారని అడుగుతోంది.

రవికిరణ్ గారు మేనేజర్‌గానే ఉన్నారు. నా కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు. ప్రాజెక్టు అవసరాల దృష్ట్యా అని రాశారు. రేపే నా ఆఖరి రోజు. ఏడుస్తానేమోననుకున్నాను, ఏడుపు రాలేదు. బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. అక్కడ కూడా ఈ కథ ఉన్నది ఉన్నట్టు చెబుతాను. వింటే చేరతాను, వినకపోతే ఇంకో చోటు చూసుకుంటాను.

నా స్థానంలో ప్రవీణ అనే ఆవిడ వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. పిల్లల కోసం పదేళ్ళు మానేసి ఇప్పుడే మళ్ళీ ఉద్యోగంలో చేరింది. ఆమెకి పని నేర్పి వెళ్ళమన్నారు. మూడు రోజులు నేర్పాను. మీరు నాకు నేర్పినట్టే కోట్స్‌తో మొదలుపెట్టాను, అడ్రసు కనపడితే ముందు పొట్లం కట్టమని. ఆ పైన మీరు నాకు చెప్పనిది ఒకటి చెప్పాను. తప్పని తెలిస్తే, ఎవరు చెప్పినా ఎంటర్ మీద వేలు పెట్టొద్దని.

ఈ రోజు పొద్దున ఆమె మొదటిసారి సొంతంగా కూర్చుంది. కొండాపూర్ లైనుకి కోట్స్ పెట్టారు గానీ మిగతావి అలాగే వదిలేశారు. ఇంకో బిల్డింగు లైను వచ్చింది, మధ్యలో & ఉంది, చుట్టూ ఏమీ లేదు. ప్రవీణ దాన్ని కాసేపు చూసి, లేచి వెళ్ళి రవికిరణ్ గారితో చెప్పింది. ఆయన బయటికి వచ్చి మా వెనక నిలబడ్డారు. "షీట్ ప్రకారం కానివ్వమ్మా, క్లయింట్ లైన్లో ఉన్నాడు" అన్నారు.

ప్రవీణ నా వైపు చూడను కూడా చూడలేదు. రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇది తప్పున్నది సార్. సరిజేసి ఇయ్యుండ్రి, కొడ్త. అప్పటిదాంక కొట్ట" అంది. చేతులు ఒళ్ళోంచి కదలలేదు. ఫ్లోరంతా తలలు ఇటు తిరిగాయి. ఆయన ఎదురు చూశారు. ఆమె కూడా ఎదురు చూసింది. చివరికి పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, షీట్ తెరిచి, ఆయనే దిద్దారు. అటొకటి, ఇటొకటి. అరనిమిషం కూడా పట్టలేదు అక్కా.

మీ
అనూష